మీ తమ్ముడికి చలిగా ఉంది

సింగానల్లూరు,
4 డిసెంబరు 2022

వేంకటలక్ష్మి వదినకు శ్రీమతి నమస్కారాలు.

మీ తమ్ముడు ప్రాణంతో ఉన్నారు. ముందు ఈ మాట చదివి, తర్వాత మిగిలింది చదవండి.

ఫోన్‌లో చెప్పబోతే మీ చెవి మిషను కీచుమంది. శరవణ ఫోన్ లాక్కుని, "అత్తా, అమ్మకి ఒక్క మాటా వినపడలే. నువ్వు రాసి పంపు" అన్నాడు. కొత్త కోడలిగా మదురైలో ఉన్నప్పుడు అత్తగారు మీ పక్కన కూర్చోబెట్టి నేర్పిన తెలుగు అక్షరాలు, చివరికి ఇలాంటి కబురు రాయడానికి పనికొచ్చాయి. మిల్లులో రాసేదంతా తమిళమే కదా, తప్పులుంటే సర్దుకోండి.

వర్క్‌షాపు నుంచి బండి మీద వస్తుంటే తిరుచ్చి రోడ్డులో లారీ తగిలింది. తొడ ఎముక విరిగింది, తుంటి దగ్గర ఎముక చిట్లింది, తల లోపల కూడా దెబ్బ. చాలా రోజులు తెలివి లేదు. ఇప్పుడు కళ్లు తెరిచి చూస్తున్నారు. గొంతులో గొట్టం ఉంది కాబట్టి మాట లేదు. సత్య కాలేజీ నుంచి నేరుగా వచ్చి నాన్న చేయి పట్టుకుంటే, దాని వేలు నొక్కారట. అది బయటికొచ్చి గోడకు ముఖం పెట్టి ఏడ్చింది.

రక్తం పరీక్షలో థైరాయిడ్ తక్కువగా ఉందన్నారు. నాకు మీరే గుర్తొచ్చారు. "మా వదినకీ ఇదే ఉండాది, రోజూ పొద్దున్నే మాత్ర ఏసుకుంటాది. ఈయనకీ ఇస్తారా?" అని అడిగాను. పెద్ద డాక్టరు వద్దన్నారు. ఒంటికి ఇంత పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఒళ్లే తన ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని కిందికి దించుకుంటుందట. గాయాలు మానేకొద్దీ అదే పైకి వస్తుందట.

అత్తగారికి ఎంతవరకు చెప్పాలో మీరే చూసుకోండి.

మీ మరదలు,
శ్రీమతి

*

సెల్లూరు, మదురై,
11 డిసెంబరు 2022

మా శ్రీమతికి వదిన రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి మీ అన్నకు చదివి వినిపించాను. ఆయనకు తెలుగు అక్షరాలు రావు కదా, అయినా కాగితం పట్టుకుని కూర్చున్నారు పాపం, నేను చెబుతుంటే.

అమ్మకు కాలు విరిగిందని మాత్రమే చెప్పాను. తల సంగతి చెప్పలేదు. "కాలే కదా, కట్టు కడితే అతుక్కుంటాది" అంది. కాని ఆ రోజు నుంచి సరిగా అన్నం తినడం లేదు. కోయంబత్తూరు తీసుకుపొమ్మని పోరుతోంది. ఆ మోకాళ్లతో బస్సెక్కితే ఇంకో మంచం పరచాలి. నేనే వద్దని ఆపాను.

ఆ డాక్టరు మాట నాకు నచ్చలేదు. శరవణ పుట్టాక మొదలైన జబ్బు ఇది నాకు. మాత్ర మానితే ఏమవుతుందో నన్నడుగు: ఒళ్లు ఉబ్బుతుంది, మనసు మొద్దుబారుతుంది, కూర్చున్న చోటే నిద్ర వస్తుంది. తక్కువుంటే ఇవ్వాలి, అంతే. పొల్లాచ్చి సంతకు పోయే మన కొబ్బరికాయల మునియాండి చేత నా మాత్రలు ఒక పెట్టె పంపుతున్నాను. గొంతులో గొట్టం తీయగానే పొద్దున్నే పరగడుపున వెయ్యి.

ఇక్కడ వాన నిలవడం లేదు. వీధిలో మోకాలి లోతు నీళ్లు. దేవుడు వాడి కాలూ తలా కాపాడితే మిగిలిందంతా మనం చూసుకోవచ్చు.

వదిన

*

సింగానల్లూరు,
20 మార్చి 2023

వదినకు,

మీ తమ్ముడు ఇంట్లోనే ఉన్నారు. కర్రపట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నారు. తొడలో వేసిన కడ్డీ బాగా కూర్చుందట. తలకు మళ్లీ స్కాన్ తీసి, లోపల గడ్డకట్టిన రక్తం కరిగిపోయిందన్నారు.

థైరాయిడ్ కూడా మళ్లీ చూశారు. టీఎస్‌హెచ్ అని ఒక పరీక్ష. అది సరిగ్గా ఉంది, ఇక దాని ఊసే వద్దన్నారు. మీరు పంపిన మాత్రలు నేను వేయలేదు వదినా. డాక్టరు అక్కరలేదన్న దాన్ని నా చేతులతో ఎలా వేయను? అలమారలో భద్రంగా ఉన్నాయి, మునియాండి మళ్లీ వస్తే పంపేస్తాను.

ఒకటే సంగతి. ఎప్పుడూ చలి అంటారు. ఈ ఎండలో కూడా స్వెట్టరు తీయరు. ఎక్కువ మాట్లాడరు. గట్టి దెబ్బ కదా, మెల్లగా సర్దుకుంటుందిలెండి.

సత్య పరీక్షలు రాస్తోంది. పీలమేడు బస్సులో నిలబడే చదువుకుంటోంది, ఇంట్లో కూర్చోలేనంటుంది. ఎందుకని నేను అడగలేదు.

శ్రీమతి

*

మదురై,
2 ఏప్రిల్ 2023

శ్రీమతికి,

మాత్రలు తిప్పి పంపనక్కరలేదు. పారేసెయ్. నేను డాక్టరును కాను, ఒప్పుకుంటున్నాను. కాని వాడు నా వీపు మీద పెరిగిన తమ్ముడు, ఆ హక్కుతో పంపాను. "అలమారలో భద్రంగా ఉన్నాయి" అని రాశావే, ఆ మాట నాకు గుచ్చుకుంది.

అమ్మ సంగతి రాయాలి. శరవణ చేత ఫోన్ చేయించి ఆదివారం వాడితో మాట్లాడింది. మాట్లాడింది అనకూడదు. ఈమె ఏడుస్తూ అడుగుతుంటే వాడు "సరి... సరి" అని రెండు మాటలని పెట్టేశాడట. ఇంతకుముందు "అమ్మా, ఏమి తింటివి? మోకాలికి తైలం పూస్తివా?" అని అరగంట ప్రాణం తీసేవాడు. ఇప్పుడు అమ్మకు ఒకటే దిగులు, ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాలేదని వాడికి కోపమేమోనని. రానివ్వనిది నేనే కదా! ఆ మాట వాడికి చెప్పు. ఒకసారి వాణ్నే ఫోన్ చేయమను.

వదిన

*

సింగానల్లూరు,
10 జూన్ 2023

వదినా,

మీ మనసు నొచ్చుకునేలా రాసి ఉంటే క్షమించండి.

అత్తగారికి ఫోన్ చేయమని రోజూ చెబుతున్నాను. "చేస్తాలే" అంటారు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని అలాగే నిద్రపోతారు. వర్క్‌షాపు ముదలాళి మంచివాడు, కూర్చుని స్క్రూలు ఏరే పని ఇచ్చాడు. మధ్యాహ్నానికే ఆ కుప్ప మీద తలపెట్టి నిద్రపోయారట. తోటివాళ్లు లేపి ఆటోలో ఇంటికి పంపారు. "ఏడు నెలలు కూర్చుని తిన్న ఒళ్లు, వంగదమ్మా" అంది మా పక్కింటి పళనియమ్మాళ్.

నేనూ అరిచాను వదినా, ఏం దాచాలి. "సత్యకి సంబంధాలు వస్తాండాయి, ఇంట్లో నువ్వొక మనిషి ఉండావా లేదా?" అన్నాను. నా వైపు చూశారు. కోపం లేదు, బాధ లేదు. "సలిగా ఉండాది శ్రీమతీ, ఆ దుప్పటి ఇయ్యి" అన్నారు.

లైట్ ఆరిపోయిన ఇంట్లోకి తొంగి చూసినట్టు ఉంటుంది ఆయన ముఖంలోకి చూస్తే. నా మీద మనసు విరిగిపోయిందేమో. లారీ తగిలిన ఆ సాయంత్రం కొత్తిమీర కట్ట తెమ్మని దారి మళ్లించింది నేనే కదా.

అత్తగారికి మాత్రం బాగున్నారనే చెప్పండి.

శ్రీమతి

*

మదురై,
14 సెప్టెంబరు 2023

శ్రీమతికి,

అమ్మ కర్మలన్నీ ముగిశాక రాస్తున్నాను. ఆ వారంలోనే రాసి ఉంటే ఇంకా చెడ్డ మాటలు రాసేదాన్ని.

కన్నతల్లి శవం నట్టింట్లో ఉంది. ఊరంతా ఏడుస్తోంది. నీ మొగుడు వచ్చాడు, ఒకసారి చూశాడు, కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత లోపలికి పోయి అమ్మ మంచం మీది కంబళి లాగి కప్పుకుని వసారాలో పడుకుని గుర్రు పెట్టాడు. వచ్చినవాళ్లంతా వాణ్ని దాటుకుంటూ పోయారు. ఆండియప్ప మామ లేపి, "లేరా కృష్ణరాజూ, కన్నతల్లి పోయిందిరా" అన్నాడు. "తెలుసు మామా. సలిగా ఉండాది" అన్నాడు. ఆగస్టు నెల. మదురై. అందరూ విసనకర్రలతో విసురుకుంటున్నారు!

కొరివి పెట్టమంటే పెట్టాడు. ఒక్క చుక్క రాలలేదు. శ్మశానం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఇంటికి ఎప్పుడు పోతాము?" అని నిన్నడిగాడు. నాకు చెవులు వినపడవు, పెదాలు కనపడతాయి.

చివరి రోజుల్లో అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏమందో నీకు తెలియాలి. "ఏమే, కృష్ణకి నామీద ఏమి కోవం? ఆసుపత్రికి వచ్చి చూడలేదనా?" అంది. కోపం లేదమ్మా అన్నాను. నమ్మలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత వాడి పేరు ఎత్తలేదు.

బాగున్నాడనే అమ్మకు చెప్పమని రాశావు. బాగున్న మనిషి ఇలా చేస్తే దానికి ఏం పేరు పెట్టాలి? వాడికి నువ్వేం చెప్పి పెట్టావో, వాడి మనసు ఎవరు రాయి చేశారో నాకు తెలియదు.

ఇక నాకు రాయవద్దు.

వేంకటలక్ష్మి

*

సింగానల్లూరు,
25 సెప్టెంబరు 2023

వదినకు,

నేనేమీ చెప్పి పెట్టలేదు. అత్తగారు నాకు అక్షరం నేర్పిన మనిషి. పురిటిలో నాకు వేన్నీళ్లు పోసిన మనిషి.

ఆయన ఎందుకు ఏడవలేదో నాకు తెలియదు. తెలిస్తే మీకంటే ముందు నేను బాగుపడేదాన్ని. బస్సులో వస్తూ అడిగాను, "మీ అమ్మ పోయిందే, ఏడుపు రాలేదా?" అని. కిటికీలోంచి చూస్తూనే, "రాలే" అన్నారు.

రాయవద్దన్నారు కాబట్టి ఇక రాయను.

శ్రీమతి

*

సింగానల్లూరు,
5 జనవరి 2024

వదినా,

రాయవద్దన్నారు, అయినా రాస్తున్నాను. చింపేసే ముందు ఒక్కసారి చదవండి.

డిసెంబరులో మీ తమ్ముడికి మామూలు జ్వరం వచ్చింది. రెండు వాంతులయ్యాయి. లేచి నిలబడబోయి కూలిపోయారు. నాడి అందలేదు. వాకిట్లో పళనియమ్మాళ్ ఏడుపు అందుకుంది. సత్యే ధైర్యంగా ఆంబులెన్స్ పిలిచి, ఇంకో ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ జెబమలర్ అని ఒక చిన్న వయసు డాక్టరమ్మ. ఆయన్ని చూసి, నన్ను పక్కకు పిలిచి విచిత్రమైన ప్రశ్నలు అడిగింది. చలి ఎప్పటినుంచి? మలం సరిగా అవుతుందా? గొంతు మారిందా? "గడ్డం ఎన్నాళ్లకు ఒకసారి గీసుకుంటారు?" అంది. నేను నోరు తెరిచాను. ప్రమాదానికి ముందు రోజూ గీసుకునే మనిషి. తర్వాత ఆయన గడ్డం పెరగడమే దాదాపు మానేసింది వదినా. రోజూ ముఖం తుడిచేదాన్ని, నాకు తట్టలేదు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. తలలో, మెదడు కింద, చిన్న గ్రంథి ఒకటి ఉంటుంది. మెడలో ఉండే థైరాయిడ్‌కు పని చెయ్యమని చెప్పేది అదే. లారీ దెబ్బకు అది నలిగింది. ఆసుపత్రిలో మొదట తగ్గిందే, అది ఒంటి సహజమట, ఆ డాక్టరు చెప్పింది నిజమేనట. "కాని తరవాత వచ్చింది వేరేమ్మా. టీఎస్‌హెచ్ అనేది తల నుంచి వచ్చే ఉత్తరువు. ఉత్తరువిచ్చేదే దెబ్బతింటే, ఆ ఒక్క అంకె చూసి బాగుందనుకుంటాము" అంది. అసలు థైరాయిడ్ హార్మోన్ చూస్తే అడుగంటి ఉంది. కార్టిజోల్ అని, ఒంటికి కష్టం వచ్చినప్పుడు నిలబెట్టేది ఇంకొకటి ఉందట, అదీ లేదు. అందుకే చిన్న జ్వరానికే కూలిపోయారు.

మీ మాత్రల సంగతి కూడా అడిగాను. ముందు కార్టిజోల్ ఇవ్వకుండా అవి వేసి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదట. దెప్పడానికి రాయడం లేదు. మీరు జబ్బు ఉందన్నారు, ఉంది. నేను మాత్ర వేయలేదు, వేయకపోవడం మంచిదైంది. ఇద్దరం వాదులాడుకుంటుంటే మధ్యలో మనిషి చల్లబడిపోయాడు.

"ఈ జబ్బుకి ఏడుపు కూడా రాదా?" అని అడిగాను డాక్టరమ్మను. "మనసులో ఉన్నది పైకి రావడానికి కూడా ఒంట్లో బలం కావాలమ్మా. చాలామందికి అన్నీ దూరంగా, మసకగా ఉంటాయి" అంది.

మొదట ఆ మందు మొదలుపెట్టి, తర్వాత థైరాయిడ్ మాత్ర కొద్దికొద్దిగా ఇస్తున్నారు. బతికినంత కాలం వేసుకోవాలి.

శ్రీమతి

*

మదురై,
22 జనవరి 2024

శ్రీమతికి,

చింపలేదు.

జబ్బు అంటే నమ్ముతాను. నేనూ దానితోనే బతుకుతున్నాను. కాని నాకూ మాత్ర మానిన రోజులున్నాయి, ఆ రోజుల్లోనూ నాన్న పోతే గుండెలు బాదుకున్నాను. తల్లి శవం దగ్గర నిద్రపుచ్చే జబ్బు ఉంటుందంటే మనసు ఒప్పుకోవడానికి కొంచెం టైము పడుతుంది.

ఇంకో మాట. ఇదంతా నిజమైతే నాకు ఇంకా కష్టం. వాడి మీద కోపంగా ఉంటే ఏదో ఒకటి పట్టుకుని నిలబడినట్టు ఉండేది. జబ్బయితే ఎవరిమీద కోపగించుకోవాలి? అమ్మకు ఎవరు పోయి చెబుతారు, వాడికి నీమీద కోపం కాదే, వాడి తలలో గ్రంథి నలిగింది అని?

వాడి మందులు జాగ్రత్త. జ్వరం వస్తే ఆ మొదటి మందు ఎక్కువ వేయాలట. శరవణ ఎక్కడో చదివి చెప్పాడు. డాక్టరమ్మను అడుగు.

వదిన

*

సింగానల్లూరు,
4 మార్చి 2024

వదినా,

డాక్టరమ్మ కూడా అదే చెప్పింది, జ్వరం వస్తే ఆ మందు రెండింతలు. ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించాను.

మీ తమ్ముడు ఫిబ్రవరిలో ఒక రోజు తనంతట తాను లేచి ఫ్యాన్ వేసుకున్నారు. నేనూ సత్యా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. తర్వాత స్వెట్టరు తీశారు. బ్లేడు అడిగారు. కాలు మాత్రం ఈడుస్తున్నారు, లేత్ ముందు నిలబడే పని ఇక కాదన్నారు. సత్య సంబంధం కూడా ఒకటి తప్పిపోయింది. తండ్రి ఒక మాదిరి మనిషని, తల సరిగా లేదని వాళ్లకు ఎవరో చెప్పారు.

నిన్న ఆదివారం ఉలవ రసం పెట్టాను. ఏడాది పైన అయింది వదినా, ఏం పెట్టినా వంక లేకుండా తింటున్నారు, గడ్డి పెట్టినా తినేవారేమో. నిన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తక్కువ. అమ్మ అయితే..." అన్నారు. అక్కడ ఆగిపోయారు. చేయి కంచంలోనే ఉంది.

"శ్రీమతీ, మా అమ్మ చచ్చిపోయింది" అన్నారు.

అవునన్నాను.

"నేను ఏడిస్తినా?"

నాకు అబద్ధం నోట రాలేదు. లేదన్నాను.

"అన్నీ తెలుసు నాకు. నేనే కొరివి పెడితిని. మా అక్క నన్ను తిట్టె. అంతా కండ్లతో చూస్తాండా, కానీ ఎవరో ఇంట్లో చావు మాదిరి ఉండె" అన్నారు. ఆ తర్వాత ఏడ్చారు. ఎంగిలి చేత్తోనే ముఖం కప్పుకుని, కంచం మీదికి ఒరిగిపోయి, చిన్నపిల్లాడిలా "అమ్మా, అమ్మా" అంటూ. సత్య బయటినుంచి వస్తూ గేటు దగ్గరే విని, మళ్లీ ఏదో అయిందనుకుని పరుగెత్తుకొచ్చింది.

నేను ఏం చేశానో చెబితే నన్ను ఏమనుకుంటారో. ఆయన వీపు నిమురుతూ లోపల సంతోషపడ్డాను. మొగుడు గుండె పగిలేలా ఏడుస్తుంటే, వచ్చేశాడు, నా మనిషి తిరిగి వచ్చేశాడు అనుకున్నాను. తర్వాత అత్తగారు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఏడుపు మధ్యలో కొత్తిమీర సంగతి నేనే కదిపాను. నా మీద మనసు విరిగిందా అని అడిగాను. "ఏ కొత్తిమీర?" అన్నారు. ఆ సాయంత్రమే ఆయనకు గుర్తులేదు.

మిమ్మల్ని చూడాలంటున్నారు. ఫోన్ చేద్దామంటే మీకు వినపడదు, రాద్దామంటే ఆయనకు మన అక్షరాలు రావు. పంపమంటారా?

శ్రీమతి

*

మదురై,
26 మార్చి 2024

నా శ్రీమతికి,

కృష్ణ చేరాడు. సత్య వాణ్ని దించి, ఒక్క పూట ఉండి వెళ్లింది, పరీక్ష ఉందట. వాణ్ని శరవణ శుక్రవారం బస్సెక్కిస్తాడు. మందులు నా మాత్రల పక్కనే పెట్టాను. పొద్దున్నే ఇద్దరం చెరో గ్లాసు నీళ్లు పట్టుకుని వేసుకుంటున్నాము. మీ అన్న చూసి నవ్వారు.

వాడు వస్తాడని తెలిసిన రోజు నుంచి అనాల్సిన మాటలు కూడబెట్టుకున్నాను. గుమ్మంలో కర్ర ఊతతో నిలబడితే, బక్కచిక్కి, దెబ్బ తగిలిన వైపు జుట్టు లేకుండా, ఆ మాటలన్నీ ఎక్కడికి పోయాయో. లోపలికి వచ్చి నేరుగా అమ్మ గదిలోకి పోయాడు. అక్కడిప్పుడు నా కుట్టుమిషను ఉంది. "అక్కా, మంచం యాడ?" అన్నాడు. మేడమీద పెట్టామన్నాను. మంచం ఉన్న చోట నేల మీద కూలబడ్డాడు. కాలు మడవడం రాక ఒక కాలు చాపుకునే కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను.

నా ముఖానికి ఎదురుగా తిరిగి, పెదాలు కనపడేలా మెల్లగా అడిగాడు: "అమ్మ నన్ను అడిగెనా?"

నీకు అన్నీ రాసినదాన్ని, వాడికి అన్నీ చెప్పలేకపోయాను. "అడిగెరా. జబ్బు తగ్గినాక వస్తాడులేమ్మా అంటిని. సరే, రానీ అనె" అన్నాను. ఆ చివరి మాట అమ్మ అనలేదు. గోడవైపు తిరిగిన సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియనక్కరలేదు. తల్లి తనమీద దిగులుతో పోయిందని తెలిస్తే వాడికి ఏ మాత్రా పనిచేయదు. నువ్వు కూడా ఇదే మాట మీద ఉండు. నీకు రాసిన ఆ ఉత్తరంలో నేనన్నవి ఉన్నాయే, వాటిని తుడిచేయలేను. వీలైతే దాన్ని పొయ్యిలో వేసెయ్.

తర్వాత వాడు నా భుజం మీద తలపెట్టాడు. వాడి ఏడుపు నా చెవికి అందలేదు శ్రీమతీ. భుజం అదురుతుంటే తెలిసింది. నేను కర్మల్లో ఏడ్చిందంతా కోపపు ఏడుపే. అమ్మ కోసం ఏడ్చింది ఇప్పుడే అనిపించింది. ఎంత గట్టిగా ఏడ్చామో నాకెలా తెలుస్తుంది? వీధి వీధంతా వినపడి ఉంటుంది. తలెత్తి చూస్తే వాకిట్లో జనం. ముందు వీరాయమ్మ, పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. వంగి నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది, "ఎవరు పోయిరి?"

"మా అమ్మ" అన్నాను.

అమ్మకు చివరి స్నానం చేయించిన మనిషి ఆమె. నన్ను చూసింది, వాణ్ని చూసింది. చేతులు చీరకు తుడుచుకుని, వచ్చి మా పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.

నీ వదిన,
వేంకటలక్ష్మి